రేవు కాచిన లక్క గుర్రాలు

దేశంలో అత్యవసర పరిస్థితిని ఎత్తివేసిన ఆ వేసవిలోనే, పత్తర్‌గట్టిలో బాబూమియా గడియారాల దుకాణం మీది గదిలో ఒక కొత్త శాసనం వెలువడింది. దాని పాఠం క్లుప్తం. బల్ల మీద పడినవాడు చచ్చినవాడే. ఎవరి చేయి తగిలి పడినా, ఏ గాలికి పడినా, లేపి నిలబెట్టే అధికారం ఎవరికీ లేదు. శాసనకర్త హైకోర్టు వకీలు విశ్వేశ్వర్. దానికి మొదటి బలి, కరెంటు ఆఫీసులో మీటర్లు చదివే ప్రకాశం తాలూకు బొమ్మల అశ్విక దళం. టేబుల్ ఫ్యాను మెడ అటు నుంచి ఇటు తిరిగినంతసేపట్లో దళం దళమంతా వెల్లకిలా పడింది.

"వకీల్ సాబ్, ఫ్యాను నా దిక్కు తిప్పింది మీరే," అన్నాడు ప్రకాశం. "గాలికి పడ్డయి. లడాయిల పడలే."

"లడాయిల గాలి రాదానయ్యా?" విశ్వేశ్వర్ ఒంటిమీద లేని నల్లకోటును భుజాల మీద సర్దుకున్నాడు. "రూల్ అంటే అందరికీ ఒక్కటే. రేపు నా సిపాయి పడ్డా చచ్చినట్టే. ఏం బాబూమియా?"

గది యజమానీ, గడియారం యజమానీ కావడం చేత యుద్ధాలన్నింటికీ న్యాయనిర్ణేత అయిన బాబూమియా, కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే తల ఊపాడు. "అందరికీ ఒక్కటైతే మంచి రూలే."

ఒక్కటే. న్యాయం ముందు సీసానికీ ప్లాస్టిక్కుకూ భేదం లేదు. ఫ్యాను ముందు మాత్రమే ఉంది.

ఆదివారం వస్తే ఆ గదిలో రాజ్యాలు చేతులు మారేవి. విశ్వేశ్వర్ తండ్రినాటి టేకుబల్ల యుద్ధభూమి. దాని మీద నీలం సుద్దతో గీసిన వంకర గీత మూసీ నది. ఆ గీతను జానెడు మేర చెరిపివేసిన చోటు రేవు. ఆకుపచ్చ గుడ్డ కప్పిన పాత లా పుస్తకాలు కొండలు. ఎవరి తల తెగాలో పాచికలు తేల్చేవి. గోడగడియారం ఒంటిగంట కొట్టే వేళకు రేవులో ఎవరి సైన్యం నిలిచి ఉంటే నది వారిది. వకీలుగారిది సీసపు ఫ్రెంచి పటాలం. సికింద్రాబాదు విడిచి స్వదేశం వెళ్ళిపోతున్న ఒక దొర సామానులో అది దొరికింది. రంగులు సీమలోనే అద్దించుకుని వచ్చింది. ప్రకాశానిది చార్మినార్ కింద వల సంచుల్లో గుప్పెళ్ళ లెక్కన అమ్మే ప్లాస్టిక్ సైన్యం, అనగా అమెరికా దేశపు పశువుల కాపరులు. వారి టోపీలను బ్లేడుతో కోసి, తుపాకులు పట్టిన చేతులను వేడి సూదితో పొడిచి, వాటిలో చీపురు పుల్లలు గుచ్చి, బల్లేలు పట్టిన దక్కను రౌతులుగా మార్చాడు. డబ్బులేనితనం ఆ విధంగా ఒక ఖండం వారిని మరొక ఖండానికి బదిలీ చేసింది.

"ఇంకో మాట," అన్నాడు విశ్వేశ్వర్. గోడకు ఆనుకుని నిలుచున్న బ్యాంకు ఆఫీసరు రామ్‌చందర్ వైపు చేయి చాపాడు. "ఈయన కూడా ఫౌజు కొన్నడు. అసలైనది, ఇంగ్లీషు ఫౌజు. మన దగ్గర సేనాపతులకు ఉన్నయి రెండే కుర్చీలు. వచ్చే ఆదివారం రేవు నీ చేతుల ఉంటే నీ కుర్చీ నీది. లేకుంటే ఈయనకు ఇడిచిపెట్టు."

"నాది అసలైనది గాదా?"

విశ్వేశ్వర్ పడి ఉన్న రౌతునొకణ్ణి రెండు వేళ్ళతో ఎత్తి, పరీక్షగా చూసి, బల్ల అంచున పెట్టాడు. "నీది చీపురు."

రామ్‌చందర్ మర్యాదస్తుడు, నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. ప్రకాశం తన మృతులను బిస్కెట్ల డబ్బాలో పేర్చుకున్నాడు. లేచేటప్పుడు అతడి చేయి కుర్చీ వీపు మీద కొంచెంసేపు నిలిచింది. వారమంతా అతడు ఊరి వారి గుమ్మాలలో తల పైకెత్తి మీటరు చూస్తూ నిలబడేవాడు. ఏ ఇంట్లోనూ అతణ్ణి కూర్చోమన్నవారు లేరు.

మర్నాడు లాడ్‌బజార్‌లో గాజులు చేసే యూనుస్ దుకాణం ముందు ప్రకాశం సైకిలు ఆగింది. యూనుస్ బొగ్గుల కుంపటి ముందు కూర్చుని, కర్రకొనకు పట్టించిన లక్కముద్దను వేడి రేకు మీద దొర్లిస్తూ తాడులా సాగదీస్తున్నాడు.

"ఏంది భాయ్, మొన్ననే గద మీటర్ రాసుకపోయినవ్. మీ ఆఫీసోళ్ళకు మా మీద ప్యార్ ఎక్కువైందా?"

"మీటర్ గాదు భాయ్. గుర్రాలు గాలికి పడుతున్నయి. కాళ్ళ కింద బరువు గావాలె."

"అరె, గుర్రాల డాక్టర్ దగ్గరికి పోవాలె గని గాజులోని దగ్గరికి వస్తరా?" అంటూనే యూనుస్ చేతిలోని పని దించాడు. డబ్బాలోని గుర్రాన్ని అరచేతిలో నిలబెట్టి, ఊదాడు. పడింది. మళ్ళీ నిలబెట్టి, ఈసారి ఊదకుండా చూశాడు. పడింది. గంభీరంగా తల ఊపి, వెనుకనున్న తట్టలో నుంచి రెండు ముద్దలు తీశాడు.

"ఇగో, నల్లది గట్టి లాఖ్. గాజుకు ఒళ్ళు దీనితోటే. కాళ్ళ కింద ఇది పెట్టు. ఎర్రది మెత్తది. గాజు మీద అద్దాలు అతికెతందుకు. దీనితోటి తలపాగలు జుట్టుకో, వేళ్ళతోనే ఒంగుతది."

"అద్దాలను గట్టిగ పట్టుకుంటదా ఇది?"

"చల్లారితే మాత్రం అద్దం పగులుతది గని అది ఇడువది," అన్నాడు యూనుస్. పైసల మాట ఎత్తితే ఆ ముద్దలు వెనక్కు తీసుకుంటానని బెదిరించాడు.

బహదూర్‌పురాలోని రెండు గదుల ఇంట్లో ఆ సాయంకాలం నుంచి ఆయుధాగారం పని ప్రారంభమైంది. కిరసనాయిలు పొయ్యి కొలిమిగా నియమితమైంది. ఖాళీ అయిన పళ్ళపేస్టు గొట్టాన్ని చీల్చి, చదును చేసి, ఆ రేకును కత్తిరిస్తే డాళ్ళు, బల్లేల చివరి జెండాలు తయారయ్యాయి. మరదలి పెళ్ళినాటి గోళ్ళరంగు సీసాలో అడుగున మిగిలిన ఎరుపు సర్దారుల అంగరఖాలకు సరిపోయింది. బూటు పాలిష్‌తో కొన్ని గుర్రాలు ఎర్రబారాయి. వార్నీషులో కలిపిన పొయ్యి మసితో కొన్ని నల్లబడ్డాయి. కరెంటు స్తంభాల మీద అంకెలు వేయగా డబ్బా అంచున ఎండిపోయిన తెల్లరంగు కళ్ళకు, పళ్ళకు. కుంచెలోని వెంట్రుకలను ఒక్కొక్కటిగా కత్తిరించి పారేస్తూ, కనుబొమ్మ గీయగల సన్నదనం వచ్చే వరకు దాన్ని బక్కచిక్కించాడు.

చిక్కు నల్లలక్క దగ్గర వచ్చింది. అది కరగడానికి కావలసిన వేడి బొగ్గులకు తెలుసు, కిరసనాయిలు పొయ్యికి తెలియదు. ఎట్టకేలకు కరిగిన ముద్దను మొదటి గుర్రం కాళ్ళ కింద అద్దగానే ప్లాస్టిక్ కాళ్ళు నాలుగూ ముడుచుకున్నాయి. గుర్రం ఒంటెలా మోకరిల్లింది. రెండో గుర్రానికీ అదే గతి పట్టింది. ప్రకాశం నల్లముద్దను పక్కకు నెట్టి, ఎర్రదాన్ని ఆవిరి మీద పెట్టి చూశాడు. అది వెన్నలా ఒదిగింది. ప్లాస్టిక్కుకు ఏ హానీ చేయలేదు. చల్లారాక గోరుతో కొడితే టక్కుమంది. అతడు ప్రతి గుర్రం కిందా అర్ధరూపాయి బిళ్ళంత మందాన ఎర్రలక్క పొదిగాడు. దానితోనే తలపాగాలు చుట్టాడు, దళనాయకునికి మీసం దిద్దాడు. దానితోనే రౌతులను జీనుల మీద అతికించాడు. చరిత్రలో చాలామంది సేనాపతులు చేసిన పొరపాటే ఇదీ. చెప్పినట్టు వినే వానిని బలవంతుడనుకున్నాడు.

"ఇంట్ల చీపురు దినదినం బక్కగైతున్నది," అంది అతని భార్య సుశీల, బియ్యం చెరుగుతూ. "ఎలుకలు తింటున్నయనుకున్న. ఎలుకకు మీసాలున్నయని ఇయ్యాల ఎరుకైంది."

"బల్లేలు గావాలె సుశీలా."

"ఇల్లు ఊడ్వాల్నా, లడాయి జెయ్యాల్నా? ఆదివారమొస్తె ఆ మిద్దె ఎక్కి కూసుంటవ్. ఏమున్నదక్కడ?"

ప్రకాశం కుంచె కడిగాడు. "వకీల్ సాబ్ నా ఫౌజును చీపురన్నడు. ఈసారి ఓడితే కుర్చీల కూసోవద్దన్నడు."

సుశీల చేట కదలడం ఆగింది. లేచి తలుపు మూల నుంచి చీపురు తెచ్చింది. కట్టు విప్పి, వెలుగుకు పెట్టి, ఒక్కొక్క పుల్లనూ వేళ్ళ మధ్య తిప్పి చూస్తూ, నిటారైనవి ఏరి అతని ముందు పెట్టసాగింది.

"వంకరయి తీస్కపోయి నవ్వులపాలు గాకు," అంది. "వంకరయి ఇల్లు ఊడ్వనీకె నాకుండనియ్యి."

శనివారం మధ్యాహ్నానికి సైన్యం సిద్ధమైంది. ప్రకాశం దళనాయకుణ్ణి చేతిరుమాలులో చుట్టి, యూనుస్‌కు చూపించడానికి గర్వంగా తీసుకువెళ్ళాడు. యూనుస్ తలపాగా ముడి చూసి వహ్వా అన్నాడు. మీసం చూసి మాషా అల్లా అన్నాడు. గుర్రాన్ని బోర్లించి చూసి, ఏమీ అనలేదు. బొటనవేలి గోరును ఆ అడుగున ఆనించి మెల్లగా నొక్కాడు. గోటి గుర్తు అర్ధచంద్రంలా పడి, అక్కడే ఉండిపోయింది.

"ఇది అద్దాల లాఖ్ గద భాయ్."

"నల్లదానికి కాళ్ళు కరిగినయి. ఇది మంచిగ గట్టిపడ్డది గద?"

"ఇంట్ల నీడకు గట్టిగనే ఉంటది. ఎండ తాకితే మైనమే. మా దుకాన్ల దీన్ని పగటిపూట బయట పెట్టం." యూనుస్ గొంతు తగ్గించాడు. "ఆ మిద్దె మీద రేకులా, స్లాబా?"

"రేకులు," అన్నాడు ప్రకాశం. తరువాత, అడగని దానికి కూడా జవాబిచ్చాడు. "నడుమ ఎలుగుకు అద్దం పెట్టిన్రు. పగటీలి ఎండ సీదా బల్ల మీదనే పడ్తది."

ఇద్దరూ దళనాయకుని వంక చూశారు. అతడు మాత్రం మీసం మీద చేయి వేసుకుని, ఏ చింతా లేనివాడిలా ఉన్నాడు.

"ఇప్పుడు మార్చరాదా?"

"తీస్తే కాళ్ళు ఇరుగుతయి భాయ్. నేనొస్త రేపు. ఏం చేయలేను గని, వస్త."

ఆదివారం పొద్దుటి ఆరాధనలో ప్రకాశం చేసిన ప్రార్థన కేవలం వాతావరణానికి సంబంధించినది. అది చేరవలసిన చోటికి చేరలేదని చర్చి మెట్లు దిగుతుండగానే తెలిసింది. ఆకాశంలో పిసరంత మబ్బు లేదు.

యుద్ధం శాస్త్రోక్తంగా ఆరంభమైంది. తొలి పాచికలు ప్రకాశాన్ని కరుణించాయి. అశ్విక దళం ఎవరూ ఊహించని వడితో కొండ దిగి, ఫ్రెంచివారి ముందు వరుసను చీల్చి, రేవును పట్టుకుంది. ఫ్యాను తిరిగింది. ఒక్క గుర్రమూ చలించలేదు. విశ్వేశ్వర్ ఫ్యాను వంకా, గుర్రాల వంకా చూసి, వంగి వాటి కాళ్ళకింది ఎర్రటి మందాన్ని గమనించాడు.

"బూట్లు తొడిగించినవా ప్రకాశం?"

"రూల్‌ల బూట్లు వద్దని లేదు, సాబ్."

"లేదు," అన్నాడు బాబూమియా.

అప్పటికి కప్పులోని అద్దం గుండా దిగిన ఎండ, గోడ విడిచి, బల్ల అంచు ఎక్కింది. చాప మడతంత వెలుగు. చూస్తే కదలనట్టే ఉండి, చూపు తిప్పితే ముందుకు వచ్చేది. అది మొదట ఆకుపచ్చ కొండ నెక్కింది. కొండ దిగింది. సుద్ద నది ఒడ్డున ఆగినట్టే ఆగి, రేవులోకి అడుగుపెట్టింది.

ప్రకాశం చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. దళాన్ని నాలుగు వేళ్ళ మేర వెనక్కు లాగితే నీడ ఉంది. నీడలోకి పోతే రేవు పోతుంది. రేవు పోతే కుర్చీ పోతుంది. అతడు తన వంతు వచ్చినప్పుడు, "నిలుస్తున్న," అన్నాడు.

మొదట తలపాగాలకు చెమట పట్టినట్టు మెరుపు వచ్చింది. తరువాత ఒక బల్లెం, చాలా మర్యాదగా, ముందుకు వంగింది. అటు పిమ్మట మూడో వరుసలోని రౌతు తన గుర్రానికి ఏదో రహస్యం చెప్పబోతున్నవానివలె దాని మెడ మీదికి వాలి, ఒక పక్కకు జారి, బల్ల మీద పడ్డాడు.

గదిలో గడియారం లోలకం చప్పుడు వినిపించింది.

విశ్వేశ్వర్‌కు విషయం బోధపడింది. న్యాయవాదవృత్తిలో ఆయన వాయిదాల మీద గెలిచినన్ని వ్యాజ్యాలు వాదనల మీద గెలవలేదు. పడిన రౌతును సంతాప సూచకంగా రెండు వేళ్ళతో ఎత్తి పక్కన పడుకోబెట్టి, పటాలాన్ని ఒక్క అంగుళం కూడా జరపకుండా, కుర్చీలో వెనక్కు వాలాడు.

"నేను కూడా నిలుస్తున్న. రామ్‌చందర్ గారూ, కింద ఇరానీ హోటల్ల చాయ్ చెప్పండి."

చాయ్ వచ్చింది. విశ్వేశ్వర్ సాసరులో పోసుకుని, చల్లార్చుకుని తాగాడు. మళ్ళీ వంతు వచ్చింది. "నిలుస్తున్న." రెండో రౌతు పడ్డాడు. మెట్ల గుమ్మంలో యూనుస్ వచ్చి నిలుచున్నాడు. ప్రకాశం తలెత్తి చూస్తే, చూపు దించుకున్నాడు.

"వకీల్ సాబ్, ఎంతసేపు నిలుస్తరు?" అన్నాడు బాబూమియా. "గడియారం ఆగదు."

"సేనాపతికి ఓపిక గావాలె మియా. వాళ్ళే పడుతుంటే నేనెందుకు కష్టపడాలె?"

ప్రకాశం నొసటి చెమట కనురెప్పల మీదికి జారినా తుడుచుకోలేదు. చేయి బల్ల మీదికి వస్తే, ఆ చేయి తన మాట వింటుందని అతనికి నమ్మకం లేదు. మిగిలిన గుర్రాల పాదాల చుట్టూ లక్క చిన్న చిన్న ఎర్రటి మడుగులుగా పాకుతోంది. దళనాయకుని మీసం గడ్డమైంది. అయినా అతడు జీను మీదే ఉన్నాడు. దళమంతా తలలు వంచుకుని, శవయాత్రలో నిలిచినట్టు, రేవులో నిలిచింది.

ఎండకు పక్షపాతం లేదు. అది రేవు దాటి, ఫ్రెంచి పటాలం మీదుగా నడిచి, బల్ల అవతలి అంచు దిగి, విశ్వేశ్వర్ బట్టతల మీద ఆసీనమైంది.

"అబ్బా, ఏం ఉక్క!" ఆయన రుమాలు తీశాడు. "ఆ వట్టివేళ్ళ తడికకు నీళ్ళు కొట్టరాదా? ఫ్యాను దాని ముందట పెట్టండి. జోరుగ పెట్టండి." ఆ మాట అంటూ గుర్రాల వంక చూశాడు. మెత్తబడిన సైన్యానికి ఆ గాలి ఏమి చేయగలదో ఆయనకు స్పష్టంగా కనిపిస్తోంది.

రామ్‌చందర్ చెంబుతో నీళ్ళు కొట్టాడు. ఫ్యాను తడిక ముందుకు చేరింది. మట్టివాసనతో చల్లటి గాలి రివ్వున వచ్చి బల్లను ఊడ్చింది. పేస్టు రేకు జెండాలు గలగలలాడాయి. ప్రకాశం కళ్ళు మూసుకున్నాడు.

చప్పుడేమీ కాలేదు. తెరిచి చూస్తే గుర్రాలు అలాగే ఉన్నాయి. గుమ్మంలోని యూనుస్ మాత్రం మెడ చాచి, పాదాల దగ్గరి ఎర్రటి మడుగులను చూస్తున్నాడు. వాటి తడిమెరుపు చచ్చిపోయి, మసకబారాయి. యూనుస్ మెల్లగా చేతులు కట్టుకుని, తలుపు చెక్కకు వీపు ఆనించాడు. ఆ ముఖంలో వచ్చిన మార్పు ఏమిటో ప్రకాశానికి అర్థం కాలేదు.

కొట్టబోయే ముందు గొంతు సవరించుకోవడం ఆ గోడగడియారానికి అలవాటు. లోపలి పళ్ళచక్రం గరగరమంది. విశ్వేశ్వర్ ఉలిక్కిపడ్డాడు. ఓపికలో మునిగి ఆయన కాలాన్ని మరిచాడు. గబగబా పాచికలు విసిరాడు. మంచి పందెమే పడింది. పటాలాన్ని రేవులోకి తోయడానికి రెండు చేతులూ చాచి బల్ల మీదికి వంగాడు. ఏళ్ళ తరబడి విందులతో పోషించుకున్న ఆయన పొట్ట టేకుబల్ల అంచును బలంగా ఢీకొంది. బల్ల కాళ్ళు గచ్చు మీద కీచుమని జరిగాయి.

ఫ్రెంచి పటాలం ఒక్క మాట మీద నడిచే సైన్యం. ముందు వరుస రెండో వరుస మీద, రెండోది మూడోదాని మీద, ఢంకాలు, కాహళాలు, సేనానితో సహా నేలకొరిగింది. సీసం మనిషి పడితే ఎంత చప్పుడవుతుందో ఆ గదిలో అందరూ మొదటిసారి విన్నారు.

రేవులో గుర్రాలు వణకనైనా లేదు.

విశ్వేశ్వర్ చేయి సేనానిని లేపడానికి దానంతట అదే ముందుకు పోయింది.

"చెయ్యి తీయండి, వకీల్ సాబ్," అన్నాడు బాబూమియా. భూతద్దం తీసి జేబులో వేసుకున్నాడు.

"అరె, ఇది లడాయి గాదు మియా. బల్ల కదిలింది."

"కదిలింది. ఇద్దరి కిందా ఒక్కటే కదిలింది."

గడియారం ఒంటిగంట కొట్టింది. చెంబు పట్టుకుని నిలుచున్న రామ్‌చందర్ వంక చూసి, బాబూమియా తాను గడియారానికి చావి ఇవ్వడానికి ఎక్కే ముక్కాలిపీటను కాలితో ఇటు జరిపాడు. "కూసోండి సాబ్. అక్కడి నుంచి భీ మంచిగ కనపడుతది."

విశ్వేశ్వర్ తన మృతులను ఎర్ర మఖమలు పెట్టెలో సర్దుకున్నాడు. "సరే. గెలిచినవ్. నా బల్ల మీదికెల్లి నీ గుర్రాలను తీసుకో, బట్ట కప్పాలె."

ప్రకాశం దళనాయకుణ్ణి పట్టుకుని ఎత్తబోయాడు. రాలేదు. గట్టిగా పట్టి లాగబోతే ప్లాస్టిక్ కాలు సాగింది; అడుగు కదలలేదు. యూనుస్ లోపలికి వచ్చి, వంగి, గోటితో టక్కున కొట్టి చూశాడు.

"బల్లకు పూసిన మెరుగు భీ లాఖ్‌తో చేసిందే, వకీల్ సాబ్. చుట్టాలు కలిసిన్రు. కుంపటి చూపించి తీయొచ్చు గని, బల్ల తోలు ఊడి వస్తది."

విశ్వేశ్వర్ మఖమలు పెట్టెను పక్కన పెట్టాడు. తండ్రి కూర్చుని భోంచేసిన బల్లను అరచేతితో ఒకసారి నిమిరాడు. ఆ చేయి రేవు దాకా వచ్చి, వంగిన తలల ముందు ఆగి, వెనక్కు పోయింది. మూల నుంచి తెల్లదుప్పటి తెచ్చి, తానే పరిచాడు. మధ్యలో అది ఎగుడుదిగుడుగా లేచింది. చిరగకుండా ఉండేందుకు బల్లేల మీద కొంచెం వదులు చేసి సర్దాడు.

"ఉండనియ్యి," అన్నాడు.

ప్రకాశం ఖాళీ బిస్కెట్ల డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. గెలిచిన సైన్యం ఇంటికి రాకుండా పోవడం చరిత్రలో ఉందో లేదో అతనికి తెలియదు. ఇంట్లో చీపురుకు మళ్ళీ గండమున్నదని మాత్రం తెలుసు. యూనుస్ వెనకనే ఆగి, పైమెట్టు మీద విశ్వేశ్వర్ తన చెవిలో చెప్పినదేదో విని, పరుగున వచ్చి కలిశాడు.

"భాయ్, వకీల్ సాబ్‌కు లాఖ్ గావాలంట. సిపాయిల కాళ్ళకు పెట్టుకుంటడంట. ఎవరికీ చెప్పొద్దన్నడు." వీధిలోకి వచ్చాక గొంతు ఇంకా తగ్గించాడు. "ఏదియ్యాలె? నల్లదా, ఎర్రదా?"

ప్రకాశం సైకిలు తాళం తీయబోయి ఆగాడు. పైగదిలో ఎవరూ జరపని తన కుర్చీ గుర్తొచ్చింది. రాళ్ళ కమానుల మీద మండుతున్న ఆకాశాన్ని ఒకసారి తలెత్తి చూశాడు. ఎక్కడా మబ్బు లేదు.

"నల్లదే ఇయ్యి భాయ్," అన్నాడు. సైకిలెక్కి, ఒక కాలు నేల మీద ఆనించి, మళ్ళీ అన్నాడు. "గని జల్దీ ఏం లేదు. వానలు పడినంక ఇయ్యి."